తూకము తప్పిన తలుపు

ఐ.పోలవరము పేరులోని 'ఐ' అను అక్షరము ఎవరి ఇంటిపేరును కాదు. అది ఐలెండ్ అను ఇంగ్లీషు మాటకు పొట్టిరూపము. గౌతమి, వృద్ధగౌతమి అను రెండు గోదావరి పాయల నడుమ ఏర్పడిన లంక అది. చుట్టును నీరే యున్నను సముద్రము చేరువగుటచే పోటు సమయమున ఆ నీటిలోనికి ఉప్పు చొచ్చుకొని వచ్చును. పొలమునకు కావలసిన తియ్యని నీరు ఎగువనుండి కాలువలో రావలసినదే. ధవళేశ్వరమువద్ద కాలువ తల కడ తలుపులు, లొల్ల లాకులవద్ద మరికొన్ని తలుపులు, అన్నంపల్లి అక్విడక్టు మీదుగా వృద్ధగౌతమిని దాటి లంకలో అడుగిడిన తరువాత తూము తూమునకు ఒక చిన్న తలుపు. పడవలు దాటు లాకుల తలుపులు మాత్రము రెండు రెక్కలుగా ప్రక్కలకు తెరచుకొనును. నీటిని కొలిచి వదలు తలుపులు పైకి లేచునవే.

ఈ ప్రాంతమునుండి చదువులకు, ఉద్యోగములకు అమెరికా చేరిన కుటుంబములు నేడు మరియొక రకపు లేచు తలుపు క్రింద దినమునకు నాలుగు సారులు రాకపోకలు సాగించుచున్నవి. అది కారు నిలుపు గదికుండు గరాజు తలుపు. ఇంటిలో కదలునట్టి వస్తువులలో అంతకంటె పెద్దది సామాన్యముగా మరొకటి యుండదు. రెండు కార్లు పట్టు గదికైన తలుపు 80 కిలోల బరువుండుట సాధారణము. అయినను మీట నొక్కగనే అది దూదివలె పైకి తేలిపోవును. పండుగకో పురుటికో ఊరినుండి వెళ్ళిన అమ్మమ్మ, తాతయ్యలు దానిని చూచి మోటారు గొప్పతనమని అనుకొందురు. నిజమునకు మోటారు చేయు పని స్వల్పము. బరువును మోయునది వేరొకటి. అది ఏమి, దానిని మనుజులు ఎట్లు సాధించిరి, అది చెడినప్పుడు ఏమగును అను విషయములలోనే ఈ తలుపు చరిత్ర అంతయు ఇమిడియున్నది.

బరువైన తలుపును ఎత్తుటకు మొదటి ఉపాయము మర. డెల్టా కాలువలపై లస్కరు తిప్పెడు చక్రమును గమనించిన విద్యార్థికి దాని గుణము తెలియును. చక్రము ఎన్నో చుట్లు తిరిగినగాని తలుపు జానెడు లేవదు. శ్రమ ఎక్కువ, వేగము తక్కువ. కాని ఆ మరలో ఒక గొప్ప సుగుణము కలదు. లస్కరు చేయి వదలినచో తలుపు క్రిందికి జారదు, ఎక్కడ విడిచిన అక్కడనే నిలచును. మర చుట్ల వాలు మిక్కిలి తక్కువగుటచే తలుపు బరువు ఘర్షణను మించి మరను వెనుకకు త్రిప్పజాలదు. నిదానమే దాని రక్షణ.

వేగము కావలసినచోట ఈ ఉపాయము చాలలేదు. అందుచే పుట్టినది ప్రతిభారము. కప్పిమీదుగా త్రాటి ఒక కొసకు తలుపును, రెండవ కొసకు దానికి సరిపోవు బరువును కట్టినచో, ఎత్తువాడు ఘర్షణను మాత్రము జయించిన చాలును. ఏతాము వెనుక కట్టిన బరువు పని ఇదియే. ఐరోపాలో పూర్వపు కోటలకు నిలువునా జారు కటకటాల తలుపులుండెడివి. పైకి జరుపు కిటికీలలో చట్రములోపల సీసపు బరువులను దాచెడివారు.

పెద్ద ఎత్తున ఈ ప్రతిభారమును చూడదలచినవారు విజయవాడ పోవలయును. 1957లో ప్రారంభమైన ప్రకాశము బ్యారేజికి 70 గేట్లు కలవు. ఒక్కొక్క గేటునకు ప్రతిగా కాంక్రీటు దిమ్మె యొకటి వ్రేలాడుచుండును. ఆ దిమ్మెలు ఎంత ముఖ్యమో 67 సంవత్సరముల తరువాత ప్రజలకు తెలిసినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులను మించి వరద వచ్చినప్పుడు ఎగువనుండి పెద్ద పడవలు కొట్టుకొనివచ్చి బ్యారేజిని ఢీకొని కొన్ని గేట్ల దిమ్మెలను పగులగొట్టినవి. గేటు బాగుగనే యున్నది. దాని తూకము పోయినది. తూకము పోయిన గేటును ఎత్తుట, దించుట సురక్షితము కాదు. గేట్ల నిర్మాణములో ఆరితేరిన ఎన్. కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో కొన్ని దినములలోనే విరిగిన దిమ్మెల స్థానమున ఉక్కుతో చేసిన వానిని అమర్చిరి.

అంతకు నెల లోపుననే ఆయన మరియొక తలుపువద్ద నిలువవలసివచ్చెను. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర జలాశయములో 33 గేట్లలో 19వదాని గొలుసు తెగి గేటు ప్రవాహములో కొట్టుకొనిపోయెను. పారుచున్న నీటిలోనే ఉక్కు పలకలను ఒకదానిపై ఒకటి దించి వారము దినములలో ఆ ఖాళీని మూసిరి. ఆనకట్ట 1953 నాటిది. తెగినది ఒక లంకె. పెద్ద తలుపులు పలకవద్ద విరుగుట అరుదు. పలకను పట్టియుంచినదానివద్ద అవి తెగును. ఇంటి తలుపునకును ఇదే వర్తించును.

ఇక ఇంటి సంగతి. మోటారుకారు వచ్చిన కొత్తలో అమెరికాలో దానిని పాత గుఱ్ఱపుబండి కొట్టములలోనే నిలిపెడివారు. ఆ కొట్టములకు వెలుపలికి తెరచుకొను రెండు రెక్కల తలుపులుండెడివి. చలికాలమున ముంగిట మోకాలి లోతు మంచు పేరుకొన్నచో ముందు దానిని త్రవ్విపోసినగాని తలుపు తెరచుటకు వీలులేదు. 1921లో సి. జి. జాన్సన్ అనునాయన అడ్డముగా పలకలు పలకలుగా కోసి, కీళ్ళతో కలిపి, వంగిన పట్టాలవెంట పైకి నడచి ఇంటికప్పు క్రింద పరుండు తలుపును రూపొందించెను. మంచు బాధ తీరినది. కాని ప్రతిభారము విషయములో ఒక చిక్కు వచ్చినది. దీనిని విద్యార్థులు కొంచెము ఆలోచించి చూడదగును.

తలుపు మూసియున్నప్పుడు దాని బరువంతయు త్రాళ్ళమీద వ్రేలాడును. పైకి పోయినకొలది ఒక్కొక్క పలక వంపు తిరిగి పట్టాలమీద పరుండును. పరుండిన పలకను పట్టాలే మోయును గనుక త్రాళ్ళమీది భారము క్రమముగా తగ్గి, చివరకు దాదాపు శూన్యమగును. అటు ప్రతిభారపు దిమ్మెయో, మొదట ఎంత బరువో చివరను అంతే బరువు. సగము దూరము పోవుసరికి దిమ్మెదే పైచేయి అయి తలుపును విసురుగా పైకి లాగివేయును. తలుపు బరువు తగ్గినకొలది తన బలమును తగ్గించుకొను వస్తువు కావలయును. అట్టిది స్ప్రింగు. మెలిపెట్టిన స్ప్రింగు విప్పుకొనుకొలది దాని బలము తగ్గుట ప్రకృతి నియమము. తలుపు బరువు తగ్గుదలకు స్ప్రింగు బలపు తగ్గుదలను జతపరచుటయే ఈ యంత్రములోని కీలకము.

లెక్క సులభము. తలుపు ఎత్తు 7 అడుగులు, అనగా 213 సెంటీమీటర్లు. త్రాడు చుట్టుకొను కండె వ్యాసము 4 అంగుళములు; చుట్టుకొలత సుమారు 32 సెంటీమీటర్లు. తలుపు పూర్తిగా లేచుసరికి కండె దాదాపు 6.7 చుట్లు తిరుగును. ఇట్టి తలుపునకు స్ప్రింగును ఏడున్నర చుట్లు మెలిపెట్టుట వాడుక. చివర మిగిలిన ముప్పాతిక చుట్టు త్రాళ్ళు వదులు కాకుండ బిగువుగా నుంచుటకు.

ఆ ఏడున్నర చుట్లలో ఎంత శక్తి దాగియున్నది? 80 కిలోల తలుపు భారము లేచినకొలది తగ్గుచుండును గనుక సగటున 40 కిలోలని తీసికొనవచ్చును. దానిని 2.13 మీటర్లు ఎత్తుటకు వలయు శక్తి సుమారు 830 జౌళ్లు. 40 కిలోల బియ్యపు బస్తా ఏడడుగుల ఎత్తునుండి పడినప్పుడు ఎంత దెబ్బ తగులునో అంత దెబ్బ ఆ స్ప్రింగులో నిద్రించుచున్నదన్నమాట. తలుపు మూసియుండి, ఇల్లు నిశ్శబ్దముగా నున్నప్పుడే ఆ శక్తి గరిష్ఠముగా నుండును. చూచుటకు కదలక మెదలక యున్నది గనుక నిరపాయమనుకొని, స్పానరుతో దాని మరలను విప్పబోయి చేతులు, ముఖము గాయపరచుకొన్నవారు ఎందరో కలరు. తలుపు క్రింది మూలలలో త్రాళ్ళ కొసలను బిగించిన పట్టీలు కూడ ఇట్టివే. వానిని విప్పుట ఆ పనిలో శిక్షణ గలవారికే తగును. ఇంటివారు మరమ్మతులు చేసికొనుట మెచ్చదగిన అలవాటే, కాని ఈ రెండు చోట్ల కాదు.

కొన్ని ఇండ్లలో మెలిపెట్టు స్ప్రింగునకు బదులు పట్టాలపైన సాగదీయు స్ప్రింగులుండును. ఇవి తెగినచో ముక్కలు గదిలో బాణములవలె ఎగురును. అందుచే స్ప్రింగు నడుమనుండి ఒక ఉక్కు త్రాటిని దూర్చి రెండు కొసలను బిగించు పద్ధతి వచ్చినది. స్ప్రింగు తెగినను ముక్కలు ఆ త్రాటికే గ్రుచ్చుకొనియుండును. 1854లో ఇలైషా ఓటిస్ న్యూయార్కు ప్రదర్శనశాలలో తాను నిలిచియున్న లిఫ్టు త్రాటిని నలుగురి ఎదుట తెగనరికించి, లిఫ్టు పడకుండ పట్టుకొను కొక్కెములను చూపెను. త్రాడు తెగదని నమ్మించుటకు ఆయన ప్రయత్నింపలేదు. తెగినప్పుడేమగునో ముందుగా ఆలోచించెను. స్ప్రింగు నడుమనున్న ఆ సన్నని త్రాడును ఆ ఆలోచన సంతతిదే.

స్ప్రింగు ఆయుస్సు సంవత్సరములలో కాక సారులలో లెక్కించుట వాడుక. సాధారణమైనది 10,000 సారులు లేచి దిగుటకు సరిపోవును. దినమునకు నాలుగు సారులైనచో సుమారు ఏడేండ్లు. దానిలో ఉత్సాహముగల పిల్లలున్న ఇంటిలో ఇంకను తక్కువ.

విద్యున్మోటారుతో తలుపు ఎత్తు సాధనమును 1926లో జాన్సనే తెచ్చెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత నగరముల శివార్లలో ఇండ్లు విరివిగా వెలసినప్పుడు అది సామాన్య గృహములకు ప్రాకినది. కారులో కూర్చుండియే రేడియో మీట నొక్కి తలుపు తెరచుట సుఖముగ నుండెను. ఆ సుఖముతోపాటు ఒక క్రొత్త అపాయము వచ్చినది. చేతితో తలుపు దించువాడు దాని క్రింద ఏమున్నదో చూచును. అడ్డము తగిలినచో అతని చేతికి తెలియును. మోటారునకు చూపును లేదు, స్పర్శయు లేదు.

మూసుకొనుచున్న తలుపు క్రిందినుండి చివరి క్షణమున దూరిపోవుట పిల్లలకు ఆటయైనది. 1980-90 సంవత్సరముల మధ్య అమెరికాలో పదులకొలది పిల్లలు ఇట్టి తలుపుల క్రింద చిక్కి మరణించిరి. తలుపు దెబ్బకంటె, నేలకు తలుపునకు నడుమ రొమ్ము నొక్కుకొనిపోయి ఊపిరి ఆడకపోవుట ఇట్టి ప్రమాదములలో ప్రాణాంతకము. మోటారులకు అడ్డు తగిలినచో వెనుకకు మరలు ఏర్పాటు అప్పటికే కొంత ఉండెను. కాని అన్ని యంత్రములలోను కాదు. ఉన్నవానిలోను అది పనిచేయునను నమ్మకము లేదు.

ఏల పనిచేయదు? ఇక్కడనే తూకము సంగతి మరల వచ్చును. తూకము సరిగా నున్న తలుపును కదల్చుటకు మోటారునకు కొద్ది బలము చాలును. ఆ కొద్దికి మించి బలము కావలసివచ్చినచో ఏదో అడ్డున్నదని యంత్రము గ్రహించి వెనుకకు మరలును. ఇది చక్కని ఏర్పాటు. అయితే స్ప్రింగు ముసలిదై సడలినదనుకొందము. తలుపు బరువు కొంత మోటారుమీద పడును. తలుపు సగములో ఆగిపోవుచుండును. ఇంటివారు స్ప్రింగును మార్పింపక, యంత్రముమీది మరను త్రిప్పి బలము హెచ్చింతురు. తలుపు మరల నడచును; అందరును సంతోషింతురు. కాని ఆ దినమునుండి యంత్రము దృష్టిలో పసివాని రొమ్ము అడ్డు కాదు. యంత్రము చెడలేదు, దానికి ఇచ్చిన కొలత చెడినది. ఈ తప్పు వెలుపలికి ఏ చిహ్నమును చూపదు. ఈ తలుపు విషయములో భయపడదగినది ఏదైన నున్నచో ఇదియే.

స్పర్శను మాత్రమే నమ్మరాదని అనుభవము నేర్పినది. అమెరికా ప్రభుత్వము 1990లో చట్టము చేసెను. దాని ప్రకారము 1993 జనవరి 1వ తేదీ మొదలు తయారగు ఇంటి తలుపు యంత్రములన్నిటికి, అడ్డు తగిలిన రెండు సెకండ్లలో వెనుకకు మరలు గుణముతోపాటు, స్పర్శతో సంబంధము లేని రెండవ రక్షణయు ఉండవలెను. ఆ రెండవ రక్షణ చాల ఇండ్లలో కంటి జత. ద్వారమున కిరువైపుల నేలనుండి 6 అంగుళములకు మించని ఎత్తున ఒకటి కంటికి కనబడని పరారుణ కిరణమును పంపును, రెండవది అందుకొనును. కిరణము అడ్డగింపబడినచో తలుపు దిగదు. దిగుచున్నది తిరిగి లేచును. అంత తక్కువ ఎత్తు ఏలయనగా ప్రాకుచున్న శిశువును, నేలపై పడినవానిని చూడవలసియున్నది.

ఇందులో మెచ్చదగిన విశేషమొకటి గలదు. తీగ తెగినను, అద్దమునకు దుమ్ము పట్టినను, కన్ను ప్రక్కకు తిరిగినను కిరణము అందదు. అందకపోయిన తలుపు మూసుకొనదు. చెడినప్పుడు అపాయమువైపు కాక క్షేమమువైపు చెడునట్లు అమర్చిరి. పాత రైలుదారి సిగ్నలు చేయి, తీగ తెగినచో తనంతట తానే ఆపు స్థితికి వచ్చుటలోని సూత్రమిదియే. కొందరు ఈ 'మొరాయింపు'తో విసిగి రెండు కండ్లను ఊడదీసి కప్పువద్ద ఎదురెదురుగా కట్టివేయుదురు. కిరణము అందుచునే యుండును, తలుపు మూసుకొనుచునే యుండును, నేలవద్ద మాత్రము చూచువారెవరును ఉండరు.

ఐరోపావారు బలమునకే హద్దు గీసిరి. వారి ప్రమాణము ప్రకారము దిగుచున్న తలుపు అంచు మనిషిని తాకినచో ఆ తాకిడి 400 న్యూటన్లను, అనగా సుమారు 40 కిలోల బరువును, మించరాదు. అదియు ముప్పాతిక సెకండులోపల 150 న్యూటన్లకు తగ్గవలెను.

తలుపు యోగక్షేమములను తెలిసికొనుటకు నెల కొకసారి రెండు పరీక్షలు చాలును. మొదటిది తూకపు పరీక్ష. తలుపును పూర్తిగా మూసి, యంత్రమునుండి విడదీయు ఎఱ్ఱ త్రాటిని లాగి, చేతితో సగము ఎత్తునకు లేపి మెల్లగ వదలవలెను. తూకము సరియైనచో తలుపు అక్కడనే నిలుచును. క్రిందికి జారిన స్ప్రింగు సడలినది. పైకి పోయిన బిగువు హెచ్చినది. తలుపు తెరచియున్నప్పుడు ఎఱ్ఱ త్రాటిని లాగరాదు. స్ప్రింగు తెగియున్నచో 80 కిలోలును ఒక్కసారిగా తలమీదికి వచ్చును. రెండవది స్పర్శపు పరీక్ష. ఒకటిన్నర అంగుళముల మందముగల కొయ్యను ద్వారము నడుమ నేలమీద వెడల్పుగా పరచి తలుపును దింపవలెను. కొయ్యను తాకిన రెండు సెకండ్లలో అది మరలి లేవవలెను. లేవనిచో మరమ్మతు జరుగువరకు మోటారును విడదీసి చేతితోనే నడపుట క్షేమము. గోడమీది మీట ఐదడుగుల ఎత్తున నుండుటయు, అచ్చటనుండి తలుపు కనబడుటయు అవసరము. ఇక పలకల కీళ్ళనడుమ పిల్లల వ్రేళ్ళు నలుగుట తరచుగ జరుగు ప్రమాదము. దానికి మందు పిల్లలకు చెప్పుటయే.

కోనసీమలోను పాత మండువా లోగిళ్ళ ప్రక్క మేడలు లేచినవి. మేడ క్రింద కారుకో ట్రాక్టరుకో గది, దానికి చుట్టుకొను ఇనుప షట్టరు. సన్నని ఇనుప పట్టీలను ఒకదానికొకటి గొలుసువలె కలిపి, పైనున్న గొట్టముచుట్టు చుట్టుకొనునట్లు చేసినది ఇది. ఆ గొట్టములోపల స్ప్రింగులుండును. భారతీయ ప్రమాణముల సంస్థ 1979లోనే ఈ షట్టరులకు ప్రమాణమును ప్రకటించినది. బజారులో ప్రతి కొట్టునకు ఉన్నది గనుక ఎవరును దీనిని యంత్రమని తలపరు. సముద్రపు గాలిలోని ఉప్పుతేమకు ఇనుము త్వరగా తుప్పు పట్టును. తుప్పు గుంటలు పడినచోట స్ప్రింగు తెగుటకు దారి యేర్పడును. కొక్కెపు కడ్డీతో ఒక్కడే సునాయాసముగ లాగు షట్టరు క్రమముగ ఇద్దరు కలిసి లాగవలసినంత బరువైనదన్న, బరువెక్కినది షట్టరు కాదు, లోపలి తూకము చెడుచున్నదని తెలిసికొనవలెను. మోటారు పెట్టించుకొనువారికి ఇంకొక మాట. అమెరికా చట్టము ఇక్కడ వర్తింపదు. కంటి జత కావలెనని ఇంటివారే అడిగి పెట్టించుకొనవలెను.

మూసుకొను తలుపు అపాయమును గూర్చి ఇంత చెప్పినప్పుడు తెరచుకొనని తలుపు సంగతియు చెప్పవలసియున్నది. 2017 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చులు ఇండ్లను చుట్టుముట్టినప్పుడు విద్యుత్తు ఆగిపోయి, తలుపును చేతితో లేపజాలని వృద్ధులు కొందరు గరాజులోనే చిక్కుకొనిరి. మరుసటి ఏడాది ఆ రాష్ట్రము చట్టము చేసి, 2019 జూలై 1 మొదలు అమ్ము ప్రతి యంత్రమునకు బ్యాటరీ ఉండితీరవలెనని నిర్ణయించెను. ఆంధ్రదేశములో 2021 నవంబరు 19న చెయ్యేరు వరదలో అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగి గ్రామములు కొట్టుకొనిపోయినప్పుడు, ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయకపోవుట నష్టమునకు ఒక కారణముగ చెప్పబడినది.

గోదావరి లంకలవారికి ఇది దూరపు కథ కాదు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గౌతమి పొంగి లంకలను ముంచెత్తినది. వరద సమయమున ముందుజాగ్రత్తగా విద్యుత్తును ఆపివేయుట వాడుక. ఆ ఘడియలోనే ట్రాక్టరును, పశువుల మేతను, ధాన్యపు బస్తాలను మెరకకు చేర్చవలసివచ్చును. మోటారు షట్టరునకు చేతిగొలుసో, త్రిప్పుడు కడ్డీయో తప్పక ఉండును. అయితే అది సామాన్యముగ గదిలోపలివైపున, కప్పు దగ్గర వ్రేలాడుచుండును. ఆ గదికి వేరొక ద్వారము లేనిచో వెలుపల నిలిచినవానికి అది అందదు. షట్టరు అమర్చుచున్నప్పుడే వెలుపలినుండి తాళముతో విడదీయు ఏర్పాటును అడిగిన కమ్మరి దానిని అప్పుడే బిగించియిచ్చును. గోడలు కట్టి సున్నము వేసిన తరువాత అదే పనికి గొట్టమును దింపవలసివచ్చును.